చలికాలం దారి

నార్తమ్, సౌతాంప్టన్
15 సెప్టెంబరు 1957

చెల్లీ లాటీ,

నీ కాళ్ళ వాపు తగ్గిందా? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగుతున్నావా? ఎర్నీ మరిది దగ్గు ఎలా ఉంది? ఆ పైపు ఇంకా కాలుస్తున్నాడా? మీ జూన్‌కి పురుడయ్యాక నడుంనొప్పి అన్నావు, పోయిందా? పిల్లకి పళ్ళొచ్చాయా? కింది వాటాలో ఇటలీ ఆవిడ కళ్ళకి ఆపరేషన్ అన్నావే, చూపొచ్చిందా? నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలైంది. రోజూ పోస్టు మనిషి మా గుమ్మం దాటిపోగానే మీలో ఒక్కొక్కరినీ తలుచుకుని, ఇవాళ ఎవరికి ఏమైందో అనుకుంటూ కూర్చుంటున్నా. ఇక్కడ నాకు మోకాళ్ళు తప్ప అందరం బాగానే ఉన్నాం. మా మేవిస్ మొగుడికి రేవులో పని దొరుకుతోంది. కానరీ పిట్ట ఈకలు రాలుస్తోంది. అది జబ్బో, ఏదన్నా సూచనో తెలీక భయంగా ఉంది.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు. నేను మీ దగ్గరికి వస్తున్నా.

నవ్వకు. డెబ్బై ఏళ్ళది, రైల్లో వించెస్టర్ దాకా పోతేనే కడుపులో తిప్పుతుంది, అట్లాంటిక్ దాటుతుందట అని నువ్వు నవ్వుతావని తెలుసు. మేవిస్ నవ్వలేదు, అరిచింది. అయినా వెళ్ళి కనుక్కునొచ్చా. మా రెజీ పనిచేసిన ఆర్డేలియా ఓడ ఉంది చూడు, దాన్ని వసంతంలో విరగ్గొట్టేస్తారట. జనవరిలో ఒక్కసారి మీ పక్కనున్న న్యూయార్క్ వచ్చి వెళ్తుంది, ఇంక జనాన్ని ఎక్కించుకోదు. చలికి ఎవరూ ఎక్కరు కాబట్టి టికెట్టూ తక్కువే.

ఎందుకు వస్తున్నానో నీకు తెలుసు. ఎర్నీ మరిది రాసిచ్చిన కాగితం టీ డబ్బాలో అలాగే ఉంది. బాంబులు పడ్డప్పుడు ఇంట్లోంచి ఆ డబ్బా ఒక్కటే పట్టుకుని పరిగెత్తా. ఉత్తరం ఇన్ని, పడమర ఇన్ని అని రెండు వరసల అంకెలు. వాటి అర్థం నాకు తెలీదు కానీ నిద్రలో లేపి అడిగినా చెప్తా. న్యుమోనియాతో పోయిన నా కొడుకుని జెండా కప్పి, ప్రార్థన చదివి, నీళ్ళలోకి దించిన చోటు అది. ఇరవై ఒక్క ఏళ్ళైంది. పక్కింటావిడ ప్రతి ఆదివారం కొడుకు సమాధి దగ్గర గడ్డి పీకి వస్తుంది. నాకు పీకడానికి గడ్డి కూడా లేదు. చచ్చేలోగా ఒక్కసారి ఆ చోటు మీదుగా పోవాలి లాటీ. అంతే.

పూలు తెస్తే నాలుగో రోజుకి నల్లబడతాయి. అందుకని వాడు భోజనాల హాల్లో వడ్డించేటప్పుడు వేసుకునే తెల్ల గ్లౌజులు తెస్తున్నా. వాడి పెట్టె తిరిగొచ్చినప్పుడు అందులో రెండు జతలున్నాయి. ఒక జత వాడికిస్తా. రెండోది నేను పోయినప్పుడు నాతో పెట్టమని మేవిస్‌కి చెప్పా.

ఓడ ఆ చోటికి ఎన్నో రోజున, ఏ పూట వస్తుందో మరిదిని అడిగి రాయి. అన్నేళ్ళు అదే ఓడకి చుక్కాని పట్టినవాడు, అతనికి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?

నీ అక్క
హెట్టీ

---

హొబోకెన్, న్యూజెర్సీ
1 అక్టోబరు

అక్కా,

అందరం బాగున్నాం. నా కాళ్ళు అలాగే ఉన్నాయి. పిల్లకి నాలుగు పళ్ళొచ్చాయి, నా వేలు కొరికి చూపించింది. ఇటలీ ఆవిడకి చూపొచ్చింది. అప్పట్నుంచి మా మెట్ల మీద దుమ్ము కనపడుతోందని పోట్లాట. ఎర్నీ కాస్త నీరసంగా ఉన్నాడు, అంతే.

నీకు మతి గానీ పోయిందా? జనవరిలోనా? పార్కు చెరువులో పడవెక్కి మేయరు గారి భార్య బూట్ల మీద వాంతి చేసుకున్న సంగతి మర్చిపోయావా? ఆ నెల్లో ఓడలో ఎలా ఉంటుందో ఎర్నీ చెప్తుంటే నేను చెవులు మూసుకునేదాన్ని. పళ్ళేలు జారకుండా టేబుళ్ళకి అంచులు లేపుతారట, టేబుల్ గుడ్డ నీళ్ళతో తడిపి పరుస్తారట. మనుషులు నడవడానికి హాల్లో అడ్డంగా తాళ్ళు కడతారట. "ఆ వారం సూపు గిన్నెలో కాదు, ఒళ్ళోనే వడ్డిస్తాం" అనేవాడు. నీ మోకాళ్ళతో తాళ్ళు పట్టుకుని వేలాడతావా?

వేసవిలో రా. ఇంకో ఓడ లేకపోతుందా? ఎండలో అరుగు మీద కూర్చుని బఠాణీలు ఒలుచుకుందాం. ఆ అంకెల సంగతి వదిలెయ్యి. ఎర్నీకి ఇప్పుడంత జ్ఞాపకం లేదు. అయినా అక్కా, ఎక్కడైతే ఏముంది, నీళ్ళు నీళ్ళే కదా.

లాటీ

---

నార్తమ్
20 అక్టోబరు

లాటీ,

నీళ్ళు నీళ్ళే అని నువ్వు రాశావా, ఎవరన్నా పక్కనుండి రాయించారా? ఆ ముక్క దగ్గరే ఆగిపోయి మూడు రోజులు కూడు సహించలేదు. నీ జూన్ ఉంది, నీ ఎదురుగా. నాకు రెండు వరసల అంకెలున్నాయి.

టికెట్టు కొనేశా. జనవరి ఇరవై ఒకటిన బయల్దేరుతుంది. నా చావు ఖర్చులకని వారం వారం కట్టుకున్న ఇన్సూరెన్సు తీసేశా. మేవిస్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "రేపు నువ్వు పోతే మేం ఏం పెట్టి పాతిపెట్టాలే అమ్మా?" అంది. "ఓడలో పోతే ఖర్చే లేదు, వాడి పక్కనే దించేస్తారు" అన్నా. టీ కెటిల్ నా మీదకి విసిరినంత పని చేసింది. తర్వాత ఇద్దరం ఏడ్చి టీ తాగాం.

టికెట్టు అబ్బాయి మంచివాడే, కాకపోతే తొందర మనిషి. "లోపలి గది కావాలా, కిటికీ ఉన్నది కావాలా అమ్మగారూ?" అన్నాడు. "నా కొడుకుని ఏ పక్కనుంచి దించారో కనుక్కుని చెప్తాను, ఆ పక్క ఇవ్వు నాయనా" అన్నా. వెనక వరసలో ఉన్నాయన టోపీ తీసేశాడు. ఏ పక్కో మరిదిని అడుగు. ఎడమో కుడో, ఒక్క ముక్క.

నాకు భయాలు ఒకటా రెండా. పెట్టుడుపళ్ళు సముద్రంలో పడిపోతే ఎలా? పాస్‌పోర్టు ఫోటోలో నేను జైలు మనిషిలా ఉన్నా, అక్కడ దిగనిస్తారో లేదో. సామానుకి రెండు రకాల చీటీలిచ్చారు, ప్రయాణంలో కావలసినవాటికి ఒకటి, అక్కర్లేనివి అడుగున వేసేవాటికి ఒకటి. గ్లౌజులు పొరపాటున అడుక్కి పోతాయేమోనని రవికె లోపల జేబు కుట్టుకుంటున్నా.

మరిది ఎందుకు ఒక్క గీత రాయడు? క్రిస్మస్ కార్డు మీద అయినా తనే సంతకం పెట్టేవాడు.

హెట్టీ

---

హొబోకెన్
5 నవంబరు

అక్కా,

నీ దగ్గర దాచాను. ఆగస్టులో ఎర్నీకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి లేదు, మాట లేదు. మంచం మీదే ఉన్నాడు. వింటాడు. ఎడం చేత్తో నా వేలు పట్టుకుంటాడు, అవునంటే ఒకసారి నొక్కుతాడు, కాదంటే రెండుసార్లు. అదే మా మాట. నువ్వు కంగారుపడి ఏదన్నా చేసుకుంటావని రాయలేదు.

అందుకే చెప్తున్నా, అతన్ని ఏమీ అడగొద్దు. నీ ఉత్తరం చదివి వినిపించాను. ఓడ పేరు వినగానే కళ్ళవెంట నీళ్ళు కారి చెవిలోకి పోయాయి. తుడిచాను. మళ్ళీ వచ్చాయి.

టికెట్టు వెనక్కిచ్చెయ్యి. ఆ కాగితం ఎవరికీ చూపించకు. టీ డబ్బాలోనే ఉండనీ. నా మీద ఒట్టు.

లాటీ

---

నార్తమ్
22 నవంబరు

లాటీ,

మరిది గురించి చదివి కుర్చీలోంచి లేవలేకపోయా. మా పెళ్ళిలో మా ఆయన్ని భుజాల మీద మోసుకుని వీధంతా తిరిగిన మనిషి. వీపు మీద పుళ్ళు పడకుండా చూడు. రెండు పూటలా పక్కకి తిప్పు. చారు చల్లార్చి తాగించు, పొరపోతుంది. నువ్వు తింటున్నావా?

నీ ఉత్తరం ఆలస్యమైంది. కాగితం అప్పటికే చూపించేశా.

నావికుల సత్రంలో టిల్లింగ్ గారని ఒకాయన ఉంటాడు. పెద్ద ఓడల్లో దారి లెక్కలు చూసే రెండో మేటుగా చేసి, కూతురి దగ్గరుందామని రెండేళ్ళ కిందట లివర్‌పూల్ నుంచి వచ్చాడు. ఇక్కడివాళ్ళని అడిగితే ప్రతివాడూ ఏదో పని గుర్తొచ్చి లేచిపోయాడు, అందుకని ఆయన్ని పట్టుకున్నా. సముద్రం పటం తెచ్చి టేబుల్ మీద పరిచాడు. పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. ఇరవై ఒక్క ఏళ్ళకి నా కొడుకున్న చోటు చూశా లాటీ, ఆవగింజంత. వేలు పెట్టబోతే చెరిగిపోతుందని భయమేసి తీసేసుకున్నా.

"ఎప్పటి మాట అమ్మా ఇది?" అన్నాడు.

"ముప్ఫై ఆరు, మే నెల, పద్దెనిమిదో తారీకు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మే కాదేమో. జనవరో, డిసెంబరో అయ్యుంటుంది, గుర్తు తెచ్చుకోండి."

"కన్నకొడుకు పోయిన నెల నాకు గుర్తు చేస్తున్నారా మీరు?" అన్నా. గట్టిగానే అన్నా. చదరంగం ఆడేవాళ్ళు తలెత్తి చూశారు.

"కోప్పడకండమ్మా. ఓడలకి రెండు దారులు. వసంతంలో మంచుకొండలు పైనుంచి కొట్టుకొస్తాయి. అప్పుడు ఓడలన్నీ కింది దారి పట్టాలి. చలికాలంలో పై దారి, అది దగ్గర. మీ అంకెలు చలికాలం దారివి. మే నెల్లో మీవాడి ఓడ ఇక్కడికి డెబ్బై ఎనభై మైళ్ళు కిందనుంచి పోయుంటుంది. అంతమంది జనాన్ని పెట్టుకుని మంచుకొండల మధ్యకి ఏ కెప్టెనూ పోడు."

"అయితే మా మరిది తప్పు రాశాడంటారా?"

"చుక్కాని పట్టేవాడు ఎనభై మైళ్ళు తప్పు రాయడమ్మా." పెన్సిల్ కింద పెట్టాడు. "చూసి రాసినవాడు రాయడు" అన్నాడు.

ఆ కాగితం మరిది ఎప్పుడు రాశాడో నాకు బాగా గుర్తు. ఆ ఏడాది క్రిస్మస్ వారం. ఓడ దిగి నేరుగా మా వంటింట్లోకి వచ్చాడు, కోటు కూడా విప్పలేదు, భుజాల మీద మంచు కరుగుతోంది. ఎక్కడ ఎక్కడ అని నేను అడుగుతుంటే మా ఆయన వాల్టర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మరిది పెన్సిల్ తడిచేసుకుని ఆలోచించకుండా రాసేశాడు. ఆ వారమే ఆ చలికాలం దారినే వచ్చాడు కదా. చేతికి ఆ అంకెలే అలవాటై ఉన్నాయి.

నా కొడుకు ఎక్కడున్నాడు లాటీ? ఒట్లూ గిట్లూ పెట్టకు. రాయి.

హెట్టీ

---

హొబోకెన్
9 డిసెంబరు

అక్కా,

రాస్తున్నా. పక్కన మేవిస్‌ని కూర్చోబెట్టుకుని చదువు.

రెజీకి ఏ జబ్బూ రాలేదు. బయల్దేరిన నాలుగో రోజు పొద్దున ఫలహారాలు వడ్డించడానికి వాడు రాలేదు. వెళ్ళి చూస్తే పక్క దులిపి దుప్పటి మడతపెట్టి ఉంది. బూట్లు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి, లోపల మేజోళ్ళు. ఓడంతా వెతికారు. వెనక్కి తిప్పి మూడు గంటలు వెతికారు. ఆ పూట చుక్కాని దగ్గర ఎర్నీయే. ఓడని వెనక్కి తిప్పింది ఆ చేతులే, మళ్ళీ ముందుకి తిప్పమంటే తిప్పిందీ ఆ చేతులే. ముందురోజు సాయంత్రం తర్వాత వాణ్ణి చూసినవాళ్ళు లేరు. అంటే అన్ని గంటల దారిలో ఎక్కడన్నా కావచ్చు. జెండా లేదు, ప్రార్థన లేదు. చోటు లేదక్కా. ఎప్పుడూ లేదు.

కంపెనీ ఉత్తరం వచ్చినప్పటికి నీకు పొడి పొడిగా తప్ప చదవడం రాదు, మేం ఇటొచ్చాకే కదా నాకు రాయాలని బాగా నేర్చుకున్నావు. బావ చదివాడు. చదువుతూనే మార్చేశాడు. న్యుమోనియా అన్నాడు, జెండా అన్నాడు, పొయ్యిలో పడేశాడు. తర్వాత ఇంటింటికీ వెళ్ళి బతిమాలుకున్నాడు. వీధి మొత్తానికీ తెలుసు, నీకు తప్ప. ఇరవై ఒక్క ఏళ్ళు ఒక్కరూ నోరు జారలేదు. ఆ లివర్‌పూల్ ఆయన కొత్తవాడు, ఆయనకేం తెలుసు.

జబ్బూ ప్రార్థనా ఉంటే నీకు చాలనుకున్నాడు బావ. నువ్వు చోటు అడుగుతావని ఆయనకి తట్టలేదు. నువ్వేమో ఆర్నెల్లు అదే అడిగావు. ఇంక తట్టుకోలేక ఎర్నీ చేత రాయించాడు.

ఆ మరుసటేడే మేం ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికొచ్చాం. జీతం ఎక్కువని నీతో చెప్పాను. జీతం కాదు. పనికి వెళ్తూ వస్తూ నీ కిటికీ ముందునుంచి ఎర్నీ నడవలేకపోయాడు. నువ్వు చెయ్యి ఊపేదానివి.

ఇంకొకటి. బయల్దేరిన రోజు రేవులో రెజీ అతనితో ఏదో అన్నాడట. ఏమన్నాడో ఇన్నేళ్ళలో నాకు చెప్పలేదు. "అది హెట్టీ వదినకి చెందిన మాట. ఆమెకి చెప్పలేను, చెప్పకుండా నీకూ చెప్పలేను" అనేవాడు. ఇప్పుడు అసలు నోరే లేదు.

నన్ను తిట్టు. కానీ ఉత్తరం రాయి.

లాటీ

---

హొబోకెన్
27 డిసెంబరు

అక్కా, పండక్కి కూడా నీ ఉత్తరం లేదు. తిన్నావా? ఉన్నావా? మేవిస్‌ని అయినా రెండు ముక్కలు రాయమను. ఎర్నీకి ఛాతీలో నెమ్ము చేరింది. ఫిబ్రవరి దాకా ఉంటాడన్న మాట డాక్టరు ఎత్తడం లేదు. నీ పేరు చెప్తే నా వేలు నొక్కుతూనే ఉన్నాడు, ఒకసారా రెండుసార్లా లెక్క తెలియడం లేదు.

లాటీ

---

నార్తమ్
4 జనవరి 1958

లాటీ,

ఉన్నా. కోపం లేదు. కోపానికి కూడా కాస్త ఒంట్లో ఏదన్నా ఉండాలి.

మొన్న బ్రెడ్డు తేవడానికి వెళ్ళా. కొట్టావిడ ఎప్పట్లాగే ఒక బన్ను ఎక్కువ వేసింది. ముప్ఫై ఆరు నుంచి వేస్తోంది. మంచి మనిషి అనుకునేదాన్ని. ఆ బన్ను ఎందుకో ఇప్పుడు తెలిసింది. దాన్ని కొట్టు బల్ల మీదే పెట్టేసి వచ్చేశా. చాపెల్లో కూడా అందరి చూపులూ అవే. నన్ను గాజు గిన్నెలా మోశారు వీధి వీధంతా, నేనేమో మా వీధివాళ్ళు ఎంత నెమ్మదస్తులో అనుకున్నా. వాల్టర్‌ని తిట్టుకుందామంటే ఆయన పోయి పదిహేడేళ్ళు. గోడవైపు తిరిగి నిలబడ్డ ఆ వీపే కనపడుతోంది.

మీరు దాచింది రాశారు. నేను దాచింది రాస్తా. వాల్టర్‌కి కూడా చెప్పలేదు.

ఆ రోజు రెజీ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పావుగంటకి తలుపు చప్పుడైంది. వాడే. "అమ్మా, గ్లౌజులు మర్చిపోయా, తలుపు తియ్యి" అన్నాడు. మనకి ఉందిగా, ఓడకని గడప దాటినవాడు మళ్ళీ లోపలికి అడుగుపెడితే ఆ ప్రయాణంలో ప్రాణానికి ముప్పని. అమ్మ మన నాన్నని వానలో నిలబెట్టి కిటికీలోంచి గొడుగు అందించడం నువ్వూ చూశావు. నేను గడియ తియ్యలేదు. ఇల్లంతా వెతికా, గ్లౌజులు కనపడలేదు. వాల్టర్ కూడా వడ్డించే పని చేసిన రోజుల్లోని పాత తెల్ల జత ఉంటే తలుపుకున్న ఉత్తరాల సందులోంచి బయటికి తోశా. వాడి వేళ్ళు తీసుకున్నాయి. వెళ్ళలేదు.

"అమ్మా, లోపలికొచ్చి ఒక్క నిమిషం కూర్చుని వెళ్తాను" అన్నాడు.

"ఓడ కూర్చుంటుందట్రా నీ కోసం? పో, పో, గుమ్మంలో నిలబడకు, మంచిది కాదు" అన్నా.

వాడు కాసేపు నిలబడ్డాడు. ఆ సందులోంచి వాడి కోటు గుండీ ఒకటి కనపడుతూ ఉంది. తర్వాత లేదు.

పెట్టె తిరిగొచ్చినప్పుడు అందులో రెండు జతలున్నాయి. వాల్టర్‌దీ, వాడిదీ. ఓడలో ఎవరో పొరపాటున వేరేవాళ్ళది కలిపారనుకున్నా. ఇరవై ఒక్క ఏళ్ళు అలా అనుకున్నా. జబ్బుతో పోయాడు కదా, గ్లౌజుల గురించి ఎందుకు ఆలోచిస్తా? వాడు ఏదీ మర్చిపోలేదు లాటీ. తలుపు కొట్టినప్పుడు గ్లౌజులు వాడి జేబులోనే ఉన్నాయి. లోపలికి రావడానికి ఒక వంక కావాలి, అంతే. వాడి ప్రాణం కాపాడుతున్నానని తలుపు వేసుకు కూర్చున్నా.

మేవిస్ వద్దంటోంది. "ఇంకెందుకమ్మా, అక్కడ ఏముందని?" అంటోంది. నిజమే, ఏమీ లేదు. చలికాలం దారిలో లేడు, కింది దారిలో ఎక్కడున్నాడో తెలీదు. గ్లౌజులు నీళ్ళలో వెయ్యను. ఎక్కడని వెయ్యను? ఇదివరకు ఓడంటే భయం, తుఫానంటే భయం, పళ్ళు పడిపోతాయని భయం. ఇప్పుడు ఓడ మునిగినా నాకు పట్టదు, అది ఇంకా భయంగా ఉంది.

నేను వచ్చేది ఎర్నీ మరిది కోసం. రేవులో రెజీ ఏమన్నాడో అతనొక్కడికే తెలుసు. అతను చెప్పలేడు, నేను చెప్తా. వేలు అతని చేతిలో పెట్టి అడుగుతా, "మా అమ్మ తలుపు తియ్యలేదు అన్నాడా?" అని. ఒకసారి నొక్కితే ఒకసారి. రెండుసార్లు నొక్కితే రెండుసార్లు. నన్ను కాపాడాలని అబద్ధం నొక్కొద్దని ముందే చెప్పి ఉంచు. అబద్ధాలు చాలు. అతని మీద నాకు కోపం లేదని కూడా చెప్పు, అది ఇవాళే చెప్పు, నేను వచ్చేదాకా ఆగకు.

ఛాతీకి ఆవిరి పట్టు. తలకింద రెండు దిండ్లు పెట్టు. నీళ్ళు చెంచాతో పట్టు. ఎలాగైనా ఉంచు.

నువ్వు రేవుకి రావద్దు, నీ కాళ్ళు ఆ చలికి ఆగవు. జూన్‌ని పంపు. నల్ల టోపీ, మెడకి బూడిదరంగు శాలువా, అది నేనే. ఓడ పొద్దున్నే చేరుతుందన్నారు, మధ్యాహ్నానికల్లా మీ మెట్లెక్కుతా. వీధి తలుపుకి గడియ పెట్టకు లాటీ.

జనవరి ఇరవై ఎనిమిది, మంగళవారం.

హెట్టీ